ఉద్యోగి అన్న మాట కంపెనీ మాటేనా? తేల్చుకోవడం ఎలా

కంపెనీల తరఫున ఉత్తరాలు రాయడం, కంపెనీల నుంచి వచ్చిన జవాబులు చదవడం నా వృత్తి. అందుకే కాబోలు, తెలిసినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఒకే ప్రశ్నకు వేర్వేరు వేషాలు. "ఫ్లాటు అమ్మినాయన వాట్సాప్‌లో రాసి మరీ ఇచ్చాడు, ఇప్పుడు కంపెనీ మాకు సంబంధం లేదంటోంది, ఎలా?" "ఆ కంపెనీలో పనిచేసే పెద్ద ఇంజినీరే పోస్టు పెట్టాడు, షేరు కొనవచ్చా?" "యూనియన్ నాయకుడు మీడియా ముందు చెప్పేశాడు కదా, ఇక ఖాయమేనా?" ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది. అంతా ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. ఇక్కడ ఉన్నవి రెండు ప్రశ్నలు. ఆ మాట కంపెనీ అధికారిక ప్రకటనా అన్నది మొదటిది. అధికారికం కాకపోయినా కంపెనీ దానికి జవాబుదారీ అవుతుందా అన్నది రెండోది. మొదటిదానికి "కాదు" అని తేలగానే చాలామంది నిట్టూర్చి ఊరుకుంటారు. కంపెనీలు కోరుకునేదీ అదే. మొదటిదానికి కాదన్న జవాబు వచ్చిన చోట కూడా రెండోదానికి అవునన్న జవాబు రావచ్చు.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఆ మాట పూర్తి పాఠం లేదా వీడియో, ముందూ వెనకా కత్తిరించకుండా
- ఎక్కడ, ఏ తేదీన, ఎన్ని గంటలకు అన్నారో
- అన్న రోజున ఆ వ్యక్తికి ఉన్న హోదా (ఇప్పటి హోదా కాదు)
- కంపెనీ రిజిస్టరైన పూర్తి పేరు. బ్రాండు పేరు ఒకటి, కంపెనీ పేరు మరొకటి కావడం మామూలే
- ఆ మాటను నమ్మి మీరు చేయబోయే పని, ఒకే వాక్యంలో

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. స్నేహితులకు చెప్పడానికైతే మూడో అడుగు దగ్గర ఆగిపోవచ్చు. డబ్బు కట్టేదైతే ఆరో అడుగు దాటకుండా చెక్కుబుక్కు తీయవద్దు.

1. మాటను ఉన్నదున్నట్టు పట్టుకోండి

పత్రిక శీర్షికను కాదు, అసలు మాటను పట్టుకోండి. "వచ్చే ఏడాది తేవాలని చూస్తున్నాం" అన్న వాక్యం సాయంత్రానికి "వచ్చే ఏడాది తెస్తున్నాం" అయిపోతుంది. "చూస్తున్నాం" ఒక ఆలోచన, "తెస్తున్నాం" ఒక మాట ఇవ్వడం. ఆ తేడా మీద లక్షలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆంగ్లంలోనో హిందీలోనో అన్న మాటైతే తెలుగు వార్తతో సరిపెట్టుకోకుండా మూల భాషలోనే వినండి.

సామాజిక మాధ్యమాల్లో పోస్టు అయితే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఖాతా పేజీ తెరవడం దగ్గర నుంచి పోస్టు, తేదీ, లింకు కనిపించే వరకు స్క్రీన్ రికార్డింగ్ చేయండి. వివాదం రేగగానే మొదట మాయమయ్యేది ఆ పోస్టే. మీ ఫోనుకు వచ్చిన సందేశమైతే ఆ ఫోనులోనే ఉంచండి. వ్యవహారం కోర్టు దాకా వెళితే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం అడుగుతారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అది 63(4) సెక్షన్. సందేశం వచ్చిన ఫోను మీ చేతిలో ఉంటే ఆ పని సులువు. పాత ఫోను ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాక నా దగ్గరకు వచ్చినవాళ్లకు నేను చేయగలిగింది పెద్దగా లేకపోయింది.

ఇతరులు ఫార్వర్డ్ చేసిన బొమ్మను సాక్ష్యమనుకోకండి. అది ఎక్కడ పుట్టిందో తెలియనంత వరకు వదంతే.

2. ఆ విషయం మాట్లాడే అధికారం వారికి ఉందా?

హోదా పెద్దదా చిన్నదా అని చూడకండి. ఆ విషయం వారి పరిధిలోదా అని చూడండి. కర్మాగారం మేనేజరు "రేపు రెండో షిఫ్టు లేదు" అంటే అది కంపెనీ మాటే, ఎందుకంటే అది చెప్పడమే ఆయన పని. అదే మేనేజరు "మా కంపెనీని ఫలానావాళ్లు కొనేస్తున్నారు" అంటే అది టీ కొట్టు దగ్గరి కబురుతో సమానం.

స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీ అయితే మీ పని సగం తగ్గినట్టే. ఏ విషయం ముఖ్యమైనదో నిర్ణయించి ఎక్స్ఛేంజికి తెలియజేసే అధికారం ఏ ఉన్నతాధికారులకు ఉందో డైరెక్టర్ల బోర్డు ముందే తీర్మానించాలని షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2015 నాటి లిస్టింగ్ నిబంధనలు చెబుతాయి. వారి పేర్లు, సంప్రదించే వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండాలి. ఇన్వెస్టర్ల కోసం పెట్టిన విభాగంలో వెతకండి. ఆ జాబితాలో లేనివారు కంపెనీ భవిష్యత్తు గురించి ఏం చెప్పినా దాన్ని సరిచూడకుండా నమ్మకండి.

ముగ్గురి విషయంలో జనం తరచూ బోల్తా పడతారు. యూనియన్ నాయకుడు కార్మికుల తరఫున మాట్లాడతాడు, యాజమాన్యం తరఫున కాదు. మాజీ ఉద్యోగికి లోపలి సంగతులు తెలిసి ఉండవచ్చు, అధికారం మాత్రం లేదు. ఇక సంస్థాపకులు. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని నారాయణమూర్తి 2023 అక్టోబరులో అన్నప్పుడు ఎంతోమంది దాన్ని ఇన్ఫోసిస్ విధానంగా లెక్కగట్టి తిట్టారు. అప్పటికి ఆ కంపెనీని నడిపే పదవిలో ఆయన లేరు. అది ఒక పెద్దమనిషి అభిప్రాయం. నచ్చకపోతే ఆయనతో తగువు పడండి, కంపెనీ సెలవుల విధానం గురించి మాత్రం ఆ వీడియో మీకేమీ చెప్పదు.

పెద్ద పదవి ఉంటే చాలు, మాట అధికారికమే అనుకునేవారికి నేను చెప్పే ఉదాహరణ విశాఖ ఉక్కు. 2023 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర ఉక్కు శాఖ సహాయమంత్రి ఫగ్గన్ సింగ్ కులస్తే విశాఖపట్నంలోనే నిలబడి, ప్రైవేటీకరణ దిశగా ఇప్పుడు అడుగులు వేయడం లేదన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. జనం ఊపిరి పీల్చుకున్నారు. మరునాడే ఆయన శాఖ నుంచే పెట్టుబడుల ఉపసంహరణ ప్రక్రియ కొనసాగుతోందని వివరణ వచ్చింది. మంత్రి మాటకే అధికారిక ప్రకటన హోదా ఒక్క రోజు నిలవలేదు. అంతకుముందు, 2021లో నూరు శాతం వాటా ఉపసంహరణకు కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకున్న సంగతి జనానికి తెలిసింది పెట్టుబడుల ఉపసంహరణ శాఖ కార్యదర్శి చేసిన ట్వీటు ద్వారా. అది ఆయన శాఖ పని, ఆయన చెప్పవలసిన విషయం. ఆ రెండు మాటల్లో పదవి ఎవరిది పెద్దదో, అప్పట్లో ఏది నిలిచిందో మీరే చూడండి.

3. ఏ ద్వారం గుండా వచ్చింది?

ఒకే మనిషి, ఒకే మాట. కంపెనీ ప్రధాన ద్వారం నుంచి వస్తే ప్రకటన, పెరటి గుమ్మం నుంచి వస్తే కబురు. చిక్కేమిటంటే ఏది ప్రధాన ద్వారమో కంపెనీయే నిర్ణయిస్తుంది, ఒక్కోసారి పెరటి గుమ్మానికే బోర్డు తగిలిస్తుంది.

2018 ఆగస్టు 7న ఈలాన్ మస్క్ తన సొంత ట్విటర్ ఖాతాలో, టెస్లాను షేరుకు 420 డాలర్ల చొప్పున ప్రైవేటు కంపెనీగా మార్చే ఆలోచనలో ఉన్నానని, నిధులు సిద్ధమని రాశారు. సొంత ఖాతాయే కదా అనిపిస్తుంది. కానీ తమ గురించిన సమాచారం కోసం మస్క్ ట్విటర్ ఖాతాను కూడా చూడండని టెస్లా 2013లోనే మదుపుదారులకు అధికారికంగా తెలియజేసి ఉంది. అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీ కేసు పెట్టింది. రాజీలో మస్క్ 2 కోట్ల డాలర్లు, టెస్లా మరో 2 కోట్ల డాలర్లు కట్టాయి, మస్క్ చైర్మన్ పదవి వదులుకున్నారు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ 2022లో గూగుల్‌ది. అక్కడి ఇంజినీరు బ్లేక్ లెమోయిన్, కంపెనీ తయారు చేసిన లామ్డా అనే సంభాషణ వ్యవస్థకు చైతన్యం ఉందని బాహాటంగా చెప్పారు. ఆ వ్యవస్థ మీద పనిచేసిన మనిషే, విషయం తెలిసినవాడే. అయినా గూగుల్ ఆ వాదనకు ఆధారం లేదంది, ముందు సెలవుపై పంపింది, తర్వాత ఉద్యోగం నుంచి తీసేసింది. విషయం తెలిసి ఉండడం వేరు, కంపెనీ తరఫున చెప్పడం వేరు.

ద్వారాన్ని పరీక్షించే పద్ధతి:

- ఈమెయిల్ అయితే @ గుర్తు తర్వాతి భాగాన్ని అక్షరం అక్షరం చదవండి. ఒక్క గీత, ఒక్క అక్షరం ఎక్కువైనా అది వేరే చిరునామా. జీమెయిల్ నుంచి వచ్చిన ఆఫర్ లెటరు గురించి నన్ను అడగనే వద్దు.
- కాగితమైతే పైనా కిందా చూడండి. కంపెనీల చట్టం 2013లోని 12వ సెక్షన్ ప్రకారం వ్యాపార ఉత్తరాల మీద కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, ఫోను, ఈమెయిల్‌తో పాటు 21 అక్షరాల గుర్తింపు సంఖ్య సీఐఎన్ ఉండాలి. ఆ సంఖ్యను కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వేసి చూడండి. వేరే కంపెనీ వస్తే ఇక ముందుకు వెళ్లకండి.
- సామాజిక మాధ్యమాల ఖాతా అయితే ముందు కంపెనీ వెబ్‌సైట్‌కు వెళ్లి, అక్కడి లింకు ద్వారా ఖాతాకు రండి. ఎక్స్‌లో (పాత ట్విటర్) నీలి గుర్తు డబ్బు కడితే వస్తుంది, దాన్ని చూసి నమ్మకండి.

4. అది ఏ జాతి మాటో చూడండి

ఇది నిమిషం పని. "మా బండి చాలా బాగుంటుంది" అభిప్రాయం. "మైలేజీ యాభై దాకా రావచ్చు" అంచనా. "యాభై వస్తుంది, రాకపోతే డబ్బు వాపసు" హామీ. అభిప్రాయాన్ని చూపి ఎవరినీ జవాబుదారీ చేయలేరు. హామీ అయితే, అన్నది ఎవరైనా సరే, మిగతా అడుగులన్నీ వేయండి.

5. కంపెనీ రాతలో ఆ మాట ఉందేమో వెతకండి

ఏది ఎక్కడ వెతకాలో మాట ఏ రంగానిదన్న దాన్ని బట్టి ఉంటుంది.

షేర్ల వ్యవహారమైతే బీఎస్ఈ లేదా ఎన్ఎస్ఈ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి ప్రకటనల విభాగం తెరవండి. ముఖ్యమైన సంగతిని కంపెనీ అక్కడ చెప్పి తీరాలి. కంపెనీ లోపల పుట్టిన విషయమైతే 12 గంటల్లో, బయట నుంచి వచ్చిందైతే 24 గంటల్లో. బోర్డు సమావేశంలో తీసుకున్న నిర్ణయాలకు ఇంకా తక్కువ గడువు. ఆ సెబీ నిబంధనలకు 2023లో చేసిన సవరణ మన విషయానికి సూటిగా తగులుతుంది. డైరెక్టర్లు, ప్రమోటర్లు, ఉన్నతాధికారులు మీడియాలోనో సామాజిక మాధ్యమాల్లోనో కంపెనీ ఇంతవరకు బయటపెట్టని ముఖ్య సమాచారం చెప్పేస్తే, దాన్ని కంపెనీ ఎక్స్ఛేంజికి కూడా తెలియజేయాలి. కాబట్టి పెద్ద అధికారి ఇంటర్వ్యూలో ఏదో భారీ సంగతి చెప్పి, రెండు రోజులైనా ఎక్స్ఛేంజిలో ఏమీ కనపడకపోతే, ఆ సంగతి అంత భారీది కాదేమోనని అనుమానించండి. మార్కెట్ విలువలో మొదటి 250 కంపెనీలైతే, వదంతి వల్ల షేరు ధర గణనీయంగా కదిలినప్పుడు 24 గంటల్లో అవుననో కాదనో వివరణ ఇవ్వాలి కూడా.

ఫ్లాటు, విల్లా, ప్లాటు అయితే స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రెరా సంస్థ (తెలంగాణది లేదా ఆంధ్రప్రదేశ్‌ది) వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు నంబరు వేసి చూడండి. ప్రాజెక్టు పూర్తి చేస్తామని బిల్డరు స్వయంగా ఇచ్చిన తేదీ అక్కడ ఉంటుంది. ఆమోదం పొందిన ప్లాను ఉంటుంది. "క్లబ్‌హౌస్‌లో ఈతకొలను" అన్న మాట ఆ ప్లానులో లేకపోతే ఆ కొలనులో నీళ్లు ఎప్పటికీ రావు.

ప్రభుత్వ రంగ సంస్థ అయితే పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) ప్రకటనలు చూడండి. దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. కేంద్ర సంస్థలకు 10 రూపాయల రుసుము, 30 రోజుల గడువు. "ఫలానా తేదీన మీ అధికారి ఇలా అన్నారు, దీనికి ఆధారమైన ఉత్తర్వు నకలు ఇవ్వండి" అని అడగండి. "ఇది నిజమా" అని అడిగితే అభిప్రాయాలు చెప్పనవసరం లేదని తిప్పి పంపుతారు. కాగితం అడగండి.

వెతికేటప్పుడు ఇంకొకటి గమనించండి. మొదట అధికారికం కాని మాటను కంపెనీ తర్వాత తన ఒడిలోకి తీసుకోవచ్చు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్.సుబ్రహ్మణ్యన్ ఉద్యోగులతో జరిగిన అంతర్గత సమావేశంలో వారానికి 90 గంటల పని గురించి అన్న మాటల వీడియో బయటికి పాకింది. అంతవరకు అది నాలుగు గోడల మధ్య మాట. విమర్శలు రాగానే, జాతి నిర్మాణమనే పెద్ద ఆశయానికి ఆ మాటలు అద్దం పడుతున్నాయన్న అర్థంలో కంపెనీ ప్రకటన ఇచ్చింది. దాంతో కంపెనీ ఆ మాటల వెనక నిలబడ్డట్టయింది. కాబట్టి మాట వచ్చిన రోజు ఒక్కటే కాకుండా ఆ తర్వాతి వారం కూడా వెతకండి.

6. కంపెనీకి ఉత్తరం రాయండి

ఫోను చేయవద్దు. ఫోనులో మాట్లాడేది ఇంకో ఉద్యోగి, అప్పుడు మీ చేతిలో ఒక మాట బదులు రెండు మాటలు ఉంటాయి.

మా పిన్ని కొడుకు సంగతి చెబుతాను. హైదరాబాదు శివార్లలో ఫ్లాటు చూశాడు. అమ్మకాల విభాగం అబ్బాయి మర్యాదస్తుడు, రోజూ సందేశం పెట్టేవాడు. వాటిలో ఒకటి: "సార్, డిసెంబరుకు తాళాలు మీ చేతిలో ఉంటాయి, నాదీ హామీ." మావాడు దాన్ని నాకు చూపించి, రాతపూర్వకంగా ఇచ్చాడు చూడన్నయ్యా అన్నాడు. నేను ఆ ఆఖరి రెండు మాటల మీద వేలు పెట్టాను. "నాదీ హామీ" అన్నాడు, "మాదీ హామీ" అనలేదు. ఆ అబ్బాయి మోసం చేయాలని రాయలేదు, అలవాటుగా అన్నాడు. అయినా, కంపెనీ వకీలు రేపు సరిగ్గా ఆ రెండు అక్షరాలనే పట్టుకుంటాడు. రెరా పేజీ తెరిచి చూస్తే పూర్తి చేసే తేదీ ఆ తర్వాతి ఏడాది సెప్టెంబరు అని ఉంది. అద్దె ఇల్లు ఖాళీ చేస్తానని యజమానికి చెప్పే ముందు కంపెనీ ఈమెయిల్‌కు ఉత్తరం రాయించాను. దాదాపు ఇలా:

"అయ్యా, మీ ప్రాజెక్టులో ఫలానా నంబరు ఫ్లాటు కొనే విషయమై మీ అమ్మకాల ప్రతినిధి ఫలానా తేదీన, ఇన్ని గంటలకు నాకు పంపిన సందేశం నకలు జతచేస్తున్నాను. అందులో డిసెంబరు నెలాఖరుకు ఫ్లాటు అప్పగిస్తామని ఉంది. దీన్ని నమ్మి నేను అడ్వాన్సు కట్టి, ప్రస్తుతం ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేయబోతున్నాను. ఇది మీ కంపెనీ ఇచ్చిన మాటేనా? అవునైతే ఈ తేదీని అమ్మకపు ఒప్పందంలో చేరుస్తారా? ఏడు రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇందులో నాలుగు సంగతులు తప్పకుండా ఉండాలి: ఎవరన్నారు, ఏమన్నారు, దాన్ని నమ్మి మీరేం చేయబోతున్నారు, కంపెనీ ఏం చేయాలి. మూడోది చాలామంది రాయరు. నిజానికి రేపు నష్టం జరిగితే అక్కరకు వచ్చేది అదే. ఆ అబ్బాయికి కూడా నకలు పంపండి, వెనక నుంచి ఫిర్యాదు చేసినట్టు ఉండదు.

ఈమెయిల్ దొరకకపోతే రిజిస్టర్డ్ ఆఫీసుకు రసీదు వచ్చే పోస్టులో పంపండి. ఎవరితోనైనా ఫోనులో మాట్లాడక తప్పకపోతే, పెట్టేసిన పది నిమిషాల్లో "ఇప్పుడు మీరు ఫోనులో చెప్పినదాని ప్రకారం..." అని ఆ సంభాషణ సారాన్ని వారి కంపెనీ ఈమెయిల్‌కు రాసి పంపండి.

7. జవాబును చదవడం

మావాడికి నాలుగో రోజు జవాబు వచ్చింది. రెరాలో నమోదైన తేదీయే వర్తిస్తుందని, సిబ్బంది సౌలభ్యం కోసం చెప్పే అంచనాలను హామీగా భావించవద్దని. చదివి మావాడు డీలాపడ్డాడు. నేను మాత్రం సంతోషించాను, అద్దె ఇల్లు ఇంకా చేతిలోనే ఉంది కదా.

జవాబులు సాధారణంగా మూడు రకాలు. "అవును, మా మాటే" అంటే ఆ మాటను ఒప్పందంలోకి ఎక్కించమనండి. అమ్మకపు ఒప్పందాల్లో "ఇంతకుముందు నోటితో గానీ రాతతో గానీ జరిగినవన్నీ రద్దు" అన్న క్లాజు మామూలుగా ఉంటుంది. సంతకం పెట్టాక దాన్ని చూసి ప్రయోజనం లేదు. "కాదు" అంటే, ఎవరు సంతకం చేశారో చూసి భద్రపరచండి. "మీ సందేశం అందింది, మీరు మాకు ఎంతో విలువైన వినియోగదారులు" అంటే అది జవాబు కాదు. మళ్లీ రాయండి.

మౌనం వస్తే? మౌనం అంగీకారం కాదు. కానీ మీరు అడిగారనీ, కంపెనీకి ఆ సంగతి తెలుసనీ దానితో రుజువవుతుంది. రెండోసారి రాసి, ఆ మాట మీద ఆధారపడకుండా నిర్ణయం తీసుకోండి. మీ డబ్బు మాత్రం కదలనివ్వకండి. రెరా పరిధిలోని ప్రాజెక్టుల్లో ఒప్పందం రిజిస్టరు కాకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టం 13వ సెక్షన్ చెబుతుంది, అది మీకు కొంత కాపు.

8. అధికారికం కాదని తేలితే అక్కడితో ఆగకండి

ఇప్పుడు రెండో ప్రశ్న. మీరు ఇప్పటికే నష్టపోయి ఉంటే అసలు ఇక్కడి నుంచే చదవాలి.

భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, అయినా ఈ విషయంలో దాని పలుకు స్పష్టంగా ఉంది. అందులో యజమాని అంటే మన విషయంలో కంపెనీ, ఏజెంటు అంటే దాని తరఫున పనిచేసే మనిషి. 237వ సెక్షన్ సారం ఇది: ఏజెంటుకు అధికారం లేకపోయినా, ఉందని బయటివాళ్లు నమ్మేలా యజమాని మాటలో చేతలో ప్రవర్తిస్తే, ఆ ఏజెంటు చేసిన పనికి యజమాని కట్టుబడాలి. కంపెనీ ఆఫీసులో కుర్చీ, కంపెనీ కార్డు, కంపెనీ ఇచ్చిన ఫోను నంబరు, గోడ మీద అదే మనిషి ఫొటోతో బ్యానరు. ఇవన్నీ ఆ "ప్రవర్తన" కింద వాదించదగినవి. ఫొటోలు తీసి ఉంచండి. 238వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. యజమాని పని చేస్తూ ఏజెంటు తప్పుడు మాట చెప్పి ఒప్పందం చేయిస్తే అది యజమాని చెప్పినట్టే లెక్క. కానీ ఆ విషయం ఏజెంటు అధికార పరిధిలోది కాకపోతే యజమానికి అంటదు. రెండో అడుగులో పరిధి గురించి అంత నస పెట్టింది ఇందుకే.

ఇళ్ల విషయంలో రెరా చట్టం 12వ సెక్షన్ ఉంది. ప్రకటననో, నమూనా ఫ్లాటునో చూసి డబ్బు కట్టినవారు అందులోని అబద్ధం వల్ల నష్టపోతే పరిహారం అడగవచ్చు. ఆ చట్టంలో "ప్రకటన" అన్న మాటకు అర్థం విశాలం, ఏ రూపంలో చేసిన ప్రచారమైనా అందులోకి వస్తుంది. కంపెనీ తయారు చేసిన బ్రోచరును అమ్మకాల అబ్బాయి వాట్సాప్‌లో పంపితే, పంపింది ఎవరైనా బ్రోచరు కంపెనీదే.

మనిషి కాకుండా యంత్రం చెప్పినా సూత్రం మారదని కెనడాలో ఒక ట్రిబ్యునల్ తేల్చింది. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్, ఆప్తులు పోయినప్పుడు చేసే ప్రయాణానికి రాయితీని తర్వాత కూడా అడగవచ్చని ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. చాట్‌బాట్ చెప్పినదానికి బాధ్యత దానిదేనన్న ధోరణిలో కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదనను పక్కన పెట్టి, సుమారు 812 కెనడా డాలర్లు ఇవ్వమంది. చిన్న మొత్తమే. అయినా మా వాకిట్లో నిలబెట్టినవాడి మాటకు మాకేం సంబంధం అనే కంపెనీలకు ఆ తీర్పు నకలు పంపాలనిపిస్తుంది నాకు.

వినియోగదారుడిగా మొదటి మెట్టు జాతీయ హెల్ప్‌లైన్ 1915. అక్కడ పరిష్కారం కాకపోతే వినియోగదారుల కమిషన్. ఇల్లు అయితే రెరా. మొత్తం పెద్దదైతే వకీలును కలవండి, ఈ వ్యాసం వకీలు కాదు.

సరిగ్గా తేల్చుకున్నామా అని చూసుకోవడం

కాగితం మీద ఈ వాక్యాన్ని పూర్తి చేయండి: "ఈ మాటను కంపెనీ తరఫున ______ హోదాలోని వ్యక్తి, ______ ద్వారా, ______ తేదీన ధ్రువీకరించారు." మూడు ఖాళీలూ నిండితే అధికారికం. ఒక్కటి ఖాళీగా ఉన్నా కాదు. "అందరికీ తెలుసు", "టీవీలో వచ్చింది" అన్నవి ఖాళీలో రాయకూడదు. రెండో ఖాళీలో మీరు రాసింది వాట్సాప్ అయితే మూడో అడుగుకు వెనక్కి వెళ్లండి.

తరువాత ఆ కాగితాన్ని ఈ వ్యవహారం తెలియని ఇంకొకరికి ఇచ్చి, వారు కూడా అదే తేల్చుతారేమో చూడండి. మనం కొనాలని ముందే నిర్ణయించుకుంటే ఖాళీలు వాటంతట అవే నిండుతాయి.

ఆ ఉద్యోగి మీరే అయితే

ఇదీ చాలామంది అడుగుతున్నారు, క్లుప్తంగా చెబుతాను. ప్రొఫైల్‌లో "అభిప్రాయాలు వ్యక్తిగతం" అని రాసుకోవడం మంచిదే, కానీ అది గొడుగు మాత్రమే, ఇల్లు కాదు. రాజకీయాల మీద, సినిమాల మీద మీ అభిప్రాయాలకు పనికొస్తుంది. ఇంకా వెలువడని ఫలితాల గురించి, కంపెనీ కొనుగోళ్ల గురించి ఒక్క ముక్క బయటపెట్టినా పనికిరాదు. అక్కడ సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారంతో షేర్ల వ్యాపారం) నిబంధనలు వర్తిస్తాయి.

మీ కంపెనీ సరుకును మెచ్చుకునేటప్పుడు అక్కడ పనిచేస్తున్నానని అదే పోస్టులో చెప్పండి. ప్రచారం చేసేవారికి కంపెనీతో ఉన్న సంబంధాన్ని బయటపెట్టాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు చెబుతాయి, ఉద్యోగ సంబంధం కూడా అందులోకి వస్తుంది. వినియోగదారుల ఫిర్యాదులకు సొంత ఖాతా నుంచి జవాబు చెప్పకండి. మంచితనంతో "నేను చూసుకుంటాను సార్" అన్న మాటే రేపు జతపరిచిన నకలుగా తిరిగి వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 9వ నియమం చదివాకే ప్రభుత్వ విధానాల మీద రాయండి.

నోరు జారితే? పోస్టు తీసేసి తెలియనట్టు ఉండకండి. ఈపాటికి ఎవరో రికార్డు చేసే ఉంటారు, మొదటి అడుగులో చేయమన్నది నేనే కదా. నకలు ఉంచుకుని, అదే రోజు మీ పైఅధికారికీ, నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ అధికారికీ రాతపూర్వకంగా చెప్పి, వారు చెప్పినట్టే సవరణ పెట్టండి. ఉద్యోగం మారిన రోజునే ప్రొఫైల్‌లో పాత కంపెనీ పేరు మార్చండి, లేదంటే మీరు వదిలేసిన కంపెనీ తరఫున మాట్లాడినట్టు ఎవరైనా మీ పోస్టును పట్టుకుని ఆ కంపెనీకి ఉత్తరం రాస్తారు.